మైకు గదిలోని యంత్రము



ఇటువంటి పత్రికలలో మావంటి పాస్టర్లు వ్రాసే అనుభవాలలో సాధారణంగా ఎవరో ఒకరు తప్పిపోతారు, పాస్టరుగారు వెళ్లి వెదకి తీసుకొని వస్తారు. నేను వ్రాయబోయే సంగతిలో తప్పిపోయినవారు ఇద్దరు. అందులో ఒకడిని నేనే. మా సంఘ పెద్దలకు చెప్పిన తరువాతే ఇది వ్రాస్తున్నాను. ఆ అబ్బాయి, అతని తల్లి కూడా వ్రాయమన్నారు గాని పేర్లు వద్దన్నారు.

2022 ఫిబ్రవరి నెలాఖరు. మా గుడిలో మైకు సెట్టు చూసుకొనే యౌవనస్థుడు ఒకడున్నాడు. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చదివాడు, రెండేండ్లుగా పని లేదు. తండ్రి లేడు. కరోనా రోజుల్లో ఇంట్లో కూర్చుని ఫోనులో చూసి చూసి ఒక ఆలోచన పట్టుకున్నాడు. తల్లి గొలుసు కుదువపెట్టి, 40 వేల రూపాయలకు హైదరాబాదులో ఎవరి దగ్గరో ఒక పాత యంత్రం కొన్నాడు. బిట్‌కాయిన్ అనే డిజిటల్ నాణెమును తవ్వే యంత్రం. 2021లో చైనా ప్రభుత్వం ఆ తవ్వకాన్ని నిషేధించింది. అంతవరకు ప్రపంచంలో ఈ పనికి పెద్ద కేంద్రం ఆ దేశమే గనుక అక్కడి పాత యంత్రాలెన్నో ఇతర దేశాల బజార్లలోకి వచ్చి పడ్డాయి. ఇదీ ఆ వరుసలో వచ్చినదేనని అమ్మినవాడు చెప్పాడట.

చూడడానికి బూట్ల పెట్టె కంటె కొంచెం పొడుగు. ముందొక ఫ్యాను, వెనుకొక ఫ్యాను. లోపల మూడు పలకలు, ఒక్కొక్క పలక మీద 63 చిప్పులు. పైన వీటన్నిటికీ మెదడులాంటి చిన్న కంట్రోల్ బోర్డు. తిరగడం మొదలుపెడితే పిండిమర పక్కన నిలబడినట్టే ఉంటుంది.

తవ్వకం అంటే పలుగూ పారా కాదు. బిట్‌కాయిన్‌కు బ్యాంకు లేదు, గుమాస్తా లేడు. ఎవరు ఎవరికి ఎంత పంపారో వ్రాసే లెక్కల పుస్తకం ఒకటి లోకమంతటా వేల కంప్యూటర్లలో ఉంటుంది. సుమారు పది నిమిషాలకు ఒక పేజీ చొప్పున అది పెరుగుతుంది. పేజీ మూయడానికి ఒక సంఖ్య దొరకాలి. దానికి సూత్రం లేదు, ఊహించి ఊహించి కొట్టవలసిందే. ఈ యంత్రం సెకనుకు 13.5 లక్షల కోట్ల సార్లు అలా ఊహిస్తుంది. ముందు కనిపెట్టినవారికి అప్పట్లో పేజీకి 6.25 బిట్‌కాయిన్లు ఇచ్చేవారు. 2024 ఏప్రిల్‌లో అది 3.125కు తగ్గింది. ఒంటరి యంత్రానికి ఆ బహుమానం తగలడం దాదాపు అసాధ్యం గనుక వేలమంది ముఠాగా కూడి, ఎవరెంత పని చేస్తే అంత పంచుకుంటారు. మన కోతకూలి ముఠాలాగే.

“ఇంట్లో పెడితే ఆ మోతకి అమ్మకి నిద్ర ఉండదు అయ్యగారూ. మైకు గదిలో పెట్టుకోనిస్తారా? వచ్చినదాంట్లో దశమభాగం దేవుడికే ఇస్తాను” అన్నాడు.

మా గుడికి ప్రహరీ సగం కూలి ఉంది. దశమభాగం అనే మాట వినగానే నా మనస్సులో ఆ గోడ లేచి నిలబడింది. ఇది చట్టానికి విరుద్ధమా అని మాత్రం అడిగాను. కాదన్నాడు. అది నిజమే. 2018లో రిజర్వు బ్యాంకు ఈ వ్యాపారానికి బ్యాంకు సేవలు ఆపించింది, 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. 2022 ఏప్రిల్ 1 నుండి ఆ ఆదాయం మీద 30 శాతం పన్ను వచ్చింది. తవ్వకానికి పెట్టిన ఖర్చు అందులో తీసివేయడానికి వీల్లేదు. అడగవలసిన అసలు ప్రశ్న, కరెంటు ఎంత తింటుందన్నది, నేను అడగలేదు. పెద్దలను సంప్రదించలేదు. తాళంచెవి ఇచ్చేశాను.

మార్చి ఆఖరు ఆదివారం కానుకల సంచిలో ఒక కవరు వచ్చింది. 480 రూపాయలు. పని లేని పిల్లవాడు మొదటి సంపాదనలో పదవ వంతు తెచ్చాడని నా కండ్లు చెమర్చాయి. పేరు చెప్పకుండా ఆ కవరు కోసం ప్రత్యేకముగా స్తోత్ర ప్రార్థన చేశాను.

ఏప్రిల్ మొదటి వారంలో కరెంటు బిల్లు వచ్చింది. నెలకు 400 దాటని మా గుడి బిల్లు 5,350 అయింది.

బిల్లు జేబులో పెట్టుకుని రెండు రోజులు తిరిగాను. కోశాధికారి ఎదురైతే వేరే సంగతి మాట్లాడాను. మూడవ రోజు అబ్బాయిని పిలిచి, “ఇదేమిటి బాబూ? ఎట్లాగైనా తగ్గించు” అన్నాను. ఆపేయమని అనలేదు, గమనించండి. తగ్గించమన్నాను.

తగ్గించే మార్గం అతడు ఫోను గ్రూపులో వెదికాడు. యంత్రం లోపలి మెదడుకు ఫ్యాక్టరీలో నేర్పిన పాఠం ఒకటి ఉంటుంది, దాన్ని ఫర్మ్‌వేర్ అంటారు. ఎవరో తయారుచేసిన వేరే పాఠం ఎక్కిస్తే తక్కువ కరెంటుతో నడుస్తుందని చెప్పారట. ఏప్రిల్ రెండవ వారం, రాత్రి పదకొండు గంటలు. అవి రాష్ట్రంలో విద్యుత్తు కొరత వచ్చి పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించిన రోజులు. పల్లెల్లో కరెంటు ఎప్పుడు పోయేదో ఎవరికీ తెలియదు. కొత్త పాఠం ఎక్కించేటప్పుడు యంత్రం ముందుగా పాతదాన్ని చెరిపివేసి, ఆ చోట కొత్తది వ్రాసుకుంటుంది. పాతది చెరిగింది. కొత్తది సగం వ్రాయబడింది. కరెంటు పోయింది.

తిరిగి వచ్చాక స్విచ్చి వేస్తే ఫ్యాన్లు మాత్రం గొంతు చించుకుని తిరిగాయి. దీపాలు వెలగలేదు. కంప్యూటరులో వెదికితే యంత్రం చిరునామా లేదు. పట్నంలో రిపేరు షాపువాడు కంట్రోల్ బోర్డు చచ్చిపోయిందనీ, కొత్తది 5 వేలు అవుతుందనీ, అదైనా దొరకడం కష్టమనీ చెప్పి పంపాడు.

ఈ వార్త వినగానే నాకు కలిగిన మొదటి తలంపు ఇక్కడ వ్రాయక తప్పదు. పీడ వదిలింది అనుకున్నాను. ఇక బిల్లు రాదు. ఈ నెల బిల్లు ఎట్లాగో నేనే కట్టేస్తే పెద్దలకు తెలియనే తెలియదు. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

మూడవ నాడు తెల్లవారుజామున అతని తల్లి మా ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. “అయ్యగారూ, పిల్లోడు మూడు రోజుల నుంచి ముద్ద ముట్టట్లేదండి. పలకరిస్తే పలకట్లేదు. గొలుసు పోతే పోయింది, నా పిల్లోడు దక్కాలండి” అంది. మా ఇంటావిడ నా వైపు ఒక చూపు చూసింది. ఆమెకు అప్పటికే బిల్లు సంగతి తెలుసు.

మైకు గదిలో ఉన్నాడు. చీకట్లో యంత్రం ముందు కూర్చుని ఉన్నాడు. ఓదార్పు మాటలు నా నోటికి రాలేదు. ఏమి చెప్పాలో తోచక, “ఎక్కడిదాకా వెళ్లి ఆగింది?” అని అడిగాను. “నలభై శాతం” అన్నాడు. మూడు రోజుల్లో అతడు ఇంకొకరితో ఆడిన మొదటి మాట అదేనని తల్లి తరువాత చెప్పింది.

సెమినరీకి వెళ్లకముందు నేను రెండేండ్లు టీవీ రిపేరు షాపులో సోల్డరింగ్ ఇనుము పట్టినవాడిని. ఆ అలవాటుకొద్దీ అడిగిన ప్రశ్న అది. అడిగిన తరువాత రాజులు రెండవ గ్రంథము 6వ అధ్యాయములోని సంగతి జ్ఞాపకం వచ్చింది. ప్రవక్తల శిష్యులు యొర్దాను ఒడ్డున మ్రానులు నరుకుతుండగా ఒకని గొడ్డలి ఊడి నీళ్లలో పడింది. అది ఎరవు తెచ్చిన గొడ్డలి గనుక వాడు గోలపెట్టాడు. అప్పుడు ఎలీషా వాడిని ఎందుకు జాగ్రత్తగా ఉండలేదని అడగలేదు. అది ఎక్కడ పడిందని అడిగాడు. ఈ భాగం మీద నేను మూడుసార్లయినా ప్రసంగించి ఉంటాను. మూడుసార్లూ ఇనుము తేలిన అద్భుతమే చెప్పాను గాని, ఆ ప్రశ్న దగ్గర ఒకసారి కూడా ఆగలేదు.

పడిన చోటు ఏదో మేము ఆ పగలంతా కూర్చుని తెలుసుకున్నాము. యంత్రానికి కొత్తగా ప్రాణం పోయగానే ఫ్యాన్లు పూర్తి వేగంతో తిరుగుతాయి. మెదడు మేలుకున్న తరువాత అదే వాటిని తగ్గిస్తుంది. తగ్గలేదంటే మెదడు మేలుకోవడం లేదు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి గనుక కరెంటు అందుతున్నది. కాబట్టి చెడినది బోర్డు అని నమ్మనక్కర లేదు, దాని మీద వ్రాసిన వ్రాత చెడింది. ఆ బోర్డులోని ముఖ్యమైన చిప్పులో ఎవరూ చెరపలేని చిన్న ఆజ్ఞ ఒకటి ఫ్యాక్టరీలోనే చెక్కి ఉంటుంది. పాఠం ఎక్కడ చదువుకోవాలో మాత్రమే అది చెబుతుంది. మామూలుగా లోపలి మెమరీలో చదువుకోమంటుంది. బోర్డు మీద రెండు సూదుల్ని కలిపే చిన్న ప్లాస్టిక్ టోపీ ఉంటుంది, జంపర్ అంటారు. దాన్ని పక్క సూదులకు మారిస్తే లోపలి మెమరీని విడిచి, బయట పెట్టిన మెమరీ కార్డులో చదువుకుంటుంది. లోపల సగం వ్రాసిన వ్రాతతో దానికి పని లేదు.

గ్రూపువాళ్లు కార్డులో పెట్టడానికి కూడా ఒక ఫైలు పంపారు. దాన్ని తయారుచేసినది ఎవరని అడిగితే అబ్బాయికి తెలియదు. 2019 ప్రారంభంలో చైనాలో ఇటువంటి యంత్రాలకు ఒక వైరస్ సోకి, పది బిట్‌కాయిన్లు చెల్లించు, లేదా ఇంకొక వెయ్యి యంత్రాలకు దీన్ని అంటించు అని బెదిరించిందని పత్రికల్లో వచ్చింది. అబ్బాయే ఆ వార్త వెదికి చదివి వినిపించి, తానే ఆ ఫైలు తీసేశాడు. తయారుచేసిన కంపెనీవారి సొంత చోటు నుండి, మా బోర్డు నెంబరుకు సరిపోయే పాఠమే దించుకున్నాము.

సాయంత్రం ఆరాధన అయ్యాక పని మొదలుపెట్టాము. కరెంటు మళ్లీ పోతే ఏమిటన్నది మొదటి భయం. మైకు గదిలో ఇన్వర్టరు ఉంది గాని అది ఈ యంత్రాన్ని మోయలేదు. నేను వైర్లు లెక్కపెట్టాను. పది ప్లగ్గుల్లో తొమ్మిది ఆ మూడు పలకలకు వెళుతున్నాయి, ఒక్కటే కంట్రోల్ బోర్డుకు. కరెంటు తినేది పలకలు, పాఠం కావలసినది బోర్డుకు. తొమ్మిదీ పీకేశాము. మిగిలినదాన్ని ఇన్వర్టరు నవ్వుతూ మోసింది. మొదటి రాత్రే ఇట్లా చేసి ఉంటే ఈ బాధే లేదు. అబ్బాయి తల కొట్టుకోబోతే చెయ్యి పట్టుకున్నాను.

అతని ఫోనులోని 64 జీబీ కార్డులో ఫైళ్లు వేసి, జంపర్ మార్చి, స్విచ్చి వేశాము. ఫ్యాన్లు హోరుమన్నాయి. పది నిమిషాలైనా దీపం వెలగలేదు. మళ్లీ చేశాము, అంతే. సూచనలు మొదటి నుండి నెమ్మదిగా చదివితే, పాత పద్ధతిలో ఫార్మాటు చేసిన చిన్న కార్డు కావాలని ఉంది. రాత్రి తొమ్మిదిన్నరకు మా ఊళ్లో చిన్న కార్డు ఎక్కడ దొరుకుతుంది?

మా సంఘములో ఎనభై దాటిన మామ్మ ఒకామె ఉంది. చదువు రాదు. కొడుకు కొనిచ్చిన చిన్న పెట్టెలో బైబిలు వింటుంది. ఆదికాండము నుండి ప్రకటన వరకు విని, మళ్లీ మొదటికి వస్తుంది. అందులో 8 జీబీ కార్డు ఉంటుందని అబ్బాయికి జ్ఞాపకం వచ్చింది. ఒకసారి ఆ పెట్టెను బాగుచేసినది అతడే. వెళ్లి తలుపు తట్టాము.

“యిర్మీయాలో ఉన్నానండి అయ్యగారూ. పొద్దున్న నాలుగింటికి లేస్తాను. ఆ వేళకి ఇచ్చేస్తారా?” అని అడిగింది. ఎందుకో అడగలేదు. కార్డు తీసి, కొంగుతో తుడిచి ఇచ్చింది.

ముందు ఆమె బైబిలు మొత్తం కంప్యూటరులోకి భద్రముగా దించాము. అది పూర్తయిందని రెండుసార్లు చూసుకున్న తరువాతే కార్డు చెరిపాము. ఎరవు సొమ్ము చేతిలో ఉంటే ఎట్లా ఉంటుందో నాకప్పుడు తెలిసింది. కార్డు బోర్డులో పెట్టి స్విచ్చి వేశాము. ఫ్యాన్లు అదే హోరు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. అబ్బాయి కండ్లు మూసుకున్నాడు. నేను మూసుకోలేదు, దీపం చూడాలి గదా. నాలుగో నిమిషం దాటుతుండగా ఎరుపు, ఆకుపచ్చ దీపాలు రెండూ మిణుకుమిణుకుమనడం మొదలైంది. స్విచ్చి ఆపి, కార్డు తీసి, జంపర్‌ను పట్టకారుతో మొదటి సూదులకు మార్చి, మళ్లీ వేశాము. ఫ్యాన్లు హోరెత్తాయి. కొంతసేపటికి, ఎవరో భుజం మీద చెయ్యి వేసినట్టుగా, నెమ్మదించాయి. ఆ గదిలో నిశ్శబ్దము అంత బాగుంటుందని నాకు తెలియదు. అబ్బాయి వెక్కి వెక్కి ఏడ్చాడు.

అప్పటికప్పుడు తొమ్మిది ప్లగ్గులూ పెట్టి తవ్వకం మొదలుపెట్టాలని అతని ఆరాటం. మా గుడికి మంజూరైన లోడు ఒక్క కిలోవాటు, ఈ యంత్రం ఒక్కటే 1.3 కిలోవాట్లు లాగుతుంది. “ముందు లెక్క వేద్దాం” అని సండేస్కూలు నల్లబల్ల దగ్గరికి తీసుకువెళ్లాను. రోజుకు 31 యూనిట్లు. మార్చిలో సుమారు 900 యూనిట్లు. మా బిల్లు ప్రకారం సగటున యూనిటు ఐదున్నర రూపాయలు, అంటే 4,950. యంత్రం ఆ నెల సంపాదించినది 4,800. ఇద్దరమూ ఆ రెండు అంకెలు చూస్తూ నిలబడ్డాము. అతడు నెలంతా లాభమనుకున్నది గుడి కరెంటే. గుడి కరెంటును ఆ యంత్రం రూపాయలుగా మార్చి అతని ఫోనులోకి పంపింది. అందులో పదవ వంతు కవరులో పెట్టుకుని గుడికే తిరిగివచ్చింది. దాని కోసం నేను స్తోత్ర ప్రార్థన చేశాను. పన్ను సంగతి అప్పటికి ఇంకా లెక్కలోకే రాలేదు.

“నేను దొంగతనం చేశానా అయ్యగారూ?” అన్నాడు.

“తాళంచెవి ఇచ్చింది నేను” అన్నాను.

ఆదివారం ఆరాధన తరువాత పెద్దలను కూర్చోబెట్టి, ఆ నల్లబల్ల చెరపకుండానే ఉంచి, అంతా చెప్పాను. బిల్లు జేబులో పెట్టుకుని తిరిగిన రెండు రోజులు కూడా చెప్పాను. ఒక పెద్దాయనకు చాలా కోపం వచ్చింది, రావలసిందే. అబ్బాయిని మైకు దగ్గరనుండి తీసివేయాలన్నారు ఇద్దరు. కోశాధికారి మాత్రం చాలాసేపు అంకెలు చూసి, “అయితే పాస్టరుగారిని కూడా మైకు దగ్గరనుండి తీసివేయాలి” అన్నాడు. ఎవరో నవ్వారు. నేను నవ్వలేకపోయాను. చివరకు ఎక్కువైన బిల్లు నేను మూడు నెలల్లో కట్టేటట్టు, గుడి గదులు ఇకపై ఎవరికి ఇవ్వాలన్నా పెద్దల సంతకాలు ఉండేటట్టు మినిట్స్‌లో వ్రాశారు. నా భాగములోంచి సగం తాను కడతానని అబ్బాయి పట్టుబట్టాడు. ఒప్పుకున్నాను.

ఆగిపోయిన యంత్రానికి ఎవరూ రూపాయి ఇవ్వరు, నడిచేదానికి ధర ఉంటుంది. మే నెలలో 19 వేలకు అమ్మాడు. కొన్నవాడికి నల్లబల్ల లెక్క మొత్తం చెప్పి మరీ అమ్మాడు. ఆ లెక్క విని ఇద్దరు వెళ్లిపోయారు, మూడవవాడు కొన్నాడు. తరువాత నెలలోనే బిట్‌కాయిన్ ధర 20 వేల డాలర్ల కిందికి జారింది. మిగిలిన అప్పు సోలార్ పలకలు బిగించే పనికి వెళుతూ తీర్చాడు. గొలుసు 2023 క్రిస్మసుకు తల్లి మెడలోకి వచ్చింది. మైకు ఇప్పటికీ అతడే చూస్తున్నాడు. ప్రహరీ ఇంకా సగమే ఉంది.

మామ్మ కార్డు సంగతి మిగిలింది. ఆ తెల్లవారుజామున నాలుగు కొట్టకముందే బైబిలు తిరిగి కార్డులోకి ఎక్కించి, ఆమె చేతికి ఇచ్చి, ఒక పనైనా సక్రమంగా చేశామని సంతోషించాము. రెండు రోజుల తరువాత మామ్మ కర్ర పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

“అయ్యగారూ, యిర్మీయా ఒకటో అధ్యాయం అయ్యాక పదోది వస్తోందండి. దాని తర్వాత పదకొండు. రెండోది ఎక్కడికి పోయిందో కనపట్టం లేదు” అంది.

ఆ చిన్న పెట్టెలు పేరు చూసి పాడవు, కార్డులోకి ఎక్కించిన వరుసలోనే పాడతాయి. హడావిడిలో మేము ఒక్కసారిగా ఎక్కించేసరికి అంకెలు అట్లా కలిసిపోయాయి. అబ్బాయికి కబురు చేశాను. ఇద్దరమూ మా అరుగు మీద కూర్చుని, 66 పుస్తకాలూ ఒక్కొక్కటిగా, 1,189 అధ్యాయాలూ వరుస చూసుకుంటూ మళ్లీ ఎక్కించాము. మధ్యాహ్నం భోజనం వేళ దాటింది. మామ్మ అక్కడే స్తంభానికి ఆనుకుని కూర్చుంది. పెట్టెలో కార్డు పెట్టి, చెవి దగ్గర పెట్టుకుని, యిర్మీయా రెండవ అధ్యాయం వచ్చేదాకా విని, “ఆఁ, ఇదీ” అని లేచి కర్ర అందుకుంది.